చేత్తో చేసిన అకూస్టిక్ గిటార్‌కు చెక్క పిక్‌గార్డ్ ఎలా చేయాలి

"చెక్క పిక్‌గార్డ్ ఎంతో ముచ్చటపడి చేసుకున్నాను. నెల తిరక్కుండానే అంచులు పైకి లేచాయి. జిగురు మార్చాలా?" సొంతంగా గిటార్లు చేసుకునేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. దాని తర్వాత మందం ఎంత ఉండాలని, సౌండ్ చచ్చిపోతుందేమోనని అడుగుతారు. ఒక్కొక్కరికీ ముక్కలు ముక్కలుగా చెప్పేకన్నా మొత్తం పనిని వరసగా రాయడం మంచిదనిపించింది. కొత్తవాళ్ల కోసం: పిక్‌గార్డ్ అంటే తీగలు మీటే పిక్ తగిలి గిటార్ పైపలక గీసుకుపోకుండా దాని మీద అతికించే పలుచటి పలక.

ఒక మాట ముందే చెప్పేస్తాను. అంచులు లేచిన పిక్‌గార్డ్‌లు నేను చాలానే చూశాను. జిగురు తప్పు వాటిలో అరుదు. చెక్క మందంగా ఉండటమో, కంటికి కనపడని కింది వైపు పాలిష్ వేయకుండా వదిలేయడమో అసలు కారణం అయ్యేది. నా మొదటి పిక్‌గార్డ్ కూడా అలాగే పోయింది. వాల్‌నట్ ముక్కను పలుచగా చేసి, పైవైపు మాత్రమే లాకర్ (ఆరాక గట్టిపడే మెరుపు పూత) కొట్టి రాత్రి బల్ల మీద పెట్టాను. తెల్లారేసరికి ఎండుటాకులా వంకర తిరిగి ఉంది. మూడు రోజుల పని పోయిందని చాలా బాధపడ్డాను. మీకు ఆ బాధ రాకూడదనే ఈ కింది దశల్లో కొన్నిచోట్ల ఎక్కువసేపు ఆగుతాను.

కాస్త సిద్ధాంతం, ఇంతకు మించి అక్కర్లేదు

చెక్క గాలిలో తేమను పీల్చుకుంటే వెడల్పులో ఉబ్బుతుంది, తేమ పోతే కుంచించుకుపోతుంది. పొడవులో, అంటే నార గీతలు సాగే దిశలో, దాదాపు మారదు. గిటార్ పైపలక స్ప్రూస్ అయినా సెడార్ అయినా ఇదే తీరు. గాలిలో తేమ 40 శాతం నుంచి 60 శాతానికి పెరిగితే, 90 మి.మీ. వెడల్పున్న ముక్క సుమారు అర మిల్లీమీటరు దాకా పెరగగలదు. పిక్‌గార్డ్ నార గీతలు పైపలక గీతలతో ఒకే దిశలో ఉంటే రెండూ కలిసి కదులుతాయి. అడ్డంగా ఉంటే ఒకదాన్నొకటి లాక్కుంటాయి.

పాత సెల్యులాయిడ్ (ఒక రకం ప్లాస్టిక్) పిక్‌గార్డ్‌ల కథ ఇక్కడ గుర్తుంచుకోవాలి. వాటిని పాలిష్ లేని పచ్చి చెక్కకే నేరుగా అతికించి, పైనుంచి లాకర్ వేసేవాళ్లు. ఏళ్లు గడిచేకొద్దీ సెల్యులాయిడ్ కుంచించుకుపోయి, కింద పలకను లాగి, నార వెంబడి పగుళ్లు తెచ్చింది. అలాంటి పాత గిటార్లు రిపేర్ బల్లల మీదికి ఇప్పటికీ వస్తుంటాయి. అందుకే మనం పూర్తయిన పాలిష్ పైనే, కొంచెం సాగే గుణమున్న జిగురుతో, ఎప్పుడైనా తీయగలిగేలా అతికిస్తాం.

కావలసినవి

- చెక్క: రోజ్‌వుడ్, వాల్‌నట్, ఎబోనీ, మేపుల్, కోవా లాంటి గట్టి రకం. మీ గిటార్ వెనక పలక కోయగా మిగిలిన ముక్క ఉంటే అంతకన్నా మంచిది లేదు.
- పారదర్శకమైన ప్లాస్టిక్ షీట్, మార్కర్, పదునైన కత్తి
- సన్నటి పళ్ల బ్లేడున్న ఫ్రెట్‌సా (వంపులు కోసే చిన్న రంపం)
- చదునైన ఎమ్‌డీఎఫ్ (చెక్క పీచును అదిమి చేసే) పలక, ఒక మందపాటి అద్దం ముక్క
- కేబినెట్ స్క్రేపర్ (చెక్కను పలుచగా గీకే ఉక్కు రేకు), చెక్క దిమ్మకు చుట్టిన శాండ్‌పేపర్ (120, 180, 240, 320, 400)
- వెర్నియర్ కాలిపర్
- మాస్కింగ్ టేప్, పలుచటి సూపర్ గ్లూ
- మైనం తీసేసిన షెల్లాక్ (లక్కతో చేసే పూత), దాని పైకి లాకర్ లేదా గుడ్డతో రుద్దే వార్నిష్
- రెండువైపులా అంటుకునే అక్రిలిక్ జిగురు షీట్. 3ఎమ్ 468ఎమ్‌పీ ఈ పనికి బాగా వాడుకలో ఉంది, జిగురు పొర మందం 0.13 మి.మీ.
- నాఫ్తా (జిడ్డు, జిగురు తుడిచే ద్రావకం), మెత్తటి గుడ్డలు
- దుమ్ము మాస్క్, కళ్లద్దాలు

మాస్క్ విషయంలో మొహమాటం వద్దు. రోజ్‌వుడ్, కోకోబోలో పొడి చాలామందికి చర్మం మీద దద్దుర్లు, ముక్కులో మంట తెస్తుంది. మొదటిసారి ఏమీ కాలేదని ధైర్యం తెచ్చుకోకండి. ఇలాంటి అలర్జీ వాడగా వాడగా కూడా మొదలవుతుంది.

1. చెక్క ముక్కను ఎంచుకోండి

ముక్క చివర చూడండి. వార్షిక వలయాల గీతలు పలక ముఖానికి నిలువుగా ఉంటే అది క్వార్టర్‌సాన్ ముక్క. తేమకు తక్కువ కదులుతుంది, తక్కువ వంకర తిరుగుతుంది. ముడులున్నవి, అలల్లా తిరిగిన నారతో కళ్లు చెదరగొట్టేవి చూడ్డానికి ఎంతో బాగుంటాయి. కానీ ఒక మిల్లీమీటరు మందానికి వచ్చేసరికి వాటిని నిలబెట్టడం కష్టం. మొదటి పిక్‌గార్డ్‌కు తిన్నటి నార ఉన్న వాల్‌నట్ తీసుకోమని నా సలహా. కోతకు లొంగుతుంది, తేలిగ్గా ఉంటుంది, జిగురు పట్టుకుంటుంది.

సెడార్, పోప్లార్ లాంటి మెత్తటి రకాలు వద్దు. పిక్ గోట్లు వాటి మీద నెల రోజుల్లో కనిపిస్తాయి.

రోజ్‌వుడ్ ముక్కల్ని వేరే దేశం నుంచి తెప్పించుకునేవాళ్లకు ఒక హెచ్చరిక. రోజ్‌వుడ్‌లు వచ్చే డాల్బెర్జియా జాతి మొత్తం 2017 నుంచి సైటిస్ (అరుదైన మొక్కలు, జంతువుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే) ఒప్పందం పరిధిలో ఉంది, బ్రెజిలియన్ రోజ్‌వుడ్‌కు 1992 నుంచే ఇంకా కఠినమైన నిబంధన ఉంది. పూర్తయిన వాయిద్యానికి ఉన్న సడలింపు పచ్చి చెక్క ముక్కకు వర్తించదు. పత్రాలు లేని ముక్క కొనకండి.

2. నమూనా గీయండి

తీగలు తీసేసే ముందు ఒక చిన్న పని చేయండి. సౌండ్‌హోల్ కింద, తీగలకు అడుగున ట్రేసింగ్ పేపర్ మాస్కింగ్ టేప్‌తో అంటించి, పిక్ అంచుకు పెన్సిల్ పొడి రాసి, మీరు మామూలుగా వాయించేలాగే పది నిమిషాలు వాయించండి. పిక్ ఎక్కడెక్కడ తగులుతుందో గీతలు పడతాయి. అవసరానికి మించి పెద్ద పిక్‌గార్డ్ చేసే పొరపాటు దీంతో తప్పుతుంది. మీ చెయ్యి తాకని చోట చెక్క అతికించి పైపలకకు బరువు పెంచడం ఎందుకు?

తర్వాత తీగలు తీసి, పారదర్శక షీట్ పెట్టి, రోజెట్ (సౌండ్‌హోల్ చుట్టూ ఉండే అలంకార వలయం) వంపును మార్కర్‌తో దించుకోండి. ఈ కొలతలు పాటించండి:

- రోజెట్ బయటి వలయానికి పిక్‌గార్డ్ అంచుకు మధ్య 1 మి.మీ. ఖాళీ, వంపు పొడవునా ఒకేలా ఉండాలి
- ఒకటో తీగ కిందికి చొచ్చుకురాకుండా కొన్ని మిల్లీమీటర్లు ఎడం
- బ్రిడ్జ్‌కు (పైపలక మీద తీగల చివరలు బిగించే చెక్కకు) కనీసం 10 మి.మీ. దూరం. ఎక్కువైనా నష్టం లేదు, పైపలక ఎక్కువగా కదిలేది అటువైపే
- మొనలన్నీ గుండ్రంగా, 5 మి.మీ. వ్యాసార్థానికి తగ్గకుండా

చివరి నియమం చెక్కకు మాత్రమే. ప్లాస్టిక్‌లో సూది మొన బాగానే ఉంటుంది. చెక్కలో ఆ మొన దగ్గర నార అడ్డంగా తెగి, గోరు తగిలినా ఊడిపోతుంది.

నమూనా కత్తిరించగానే దాని మీద పెద్ద అక్షరాలతో "పైవైపు" అని రాసి, పైపలక నార దిశను బాణం గుర్తుతో చూపండి. ఇది చిన్న విషయంలా ఉంటుంది కానీ, నమూనాను తిరగేసి గీసి, అద్దంలో కనిపించే ఆకారం కోసుకున్నవాళ్లు ఎందరో. ఎడమచేతి గిటార్‌కు చేసేవాళ్లు ఇక్కడ ఇంకోసారి ఆలోచించండి.

3. పలుచన చేయండి

పని నిలబడేదీ పడేదీ ఈ దశలోనే, అందుకే తొందర వద్దు.

లక్ష్యం 1.0 మి.మీ. 0.8 దాకా దిగవచ్చు, 1.2 దాటకూడదు. ఎందుకంటే మీ పైపలక చూడ్డానికి చదునుగా ఉన్నా, చాలా స్టీల్ తీగల గిటార్లకు అది కొంచెం ఉబ్బెత్తుగా ఉంటుంది. 7.6 మీటర్ల వ్యాసార్థం ఉన్న ఉబ్బు అనుకుంటే, 150 మి.మీ. పొడవులో మధ్యకూ చివరలకూ తేడా దాదాపు 0.37 మి.మీ. ఒక మిల్లీమీటరు చెక్క ఆ వంపుకు సులువుగా ఒదుగుతుంది. రెండు మిల్లీమీటర్ల చెక్క ఒదగదు. జిగురు దాన్ని కొన్ని రోజులు పట్టుకుంటుంది, తర్వాత చివరలు మెల్లగా లేస్తాయి. "నెల తిరక్కుండానే" అనే ఫిర్యాదు వెనక చాలాసార్లు ఉన్నది ఈ రెండు మిల్లీమీటర్ల చెక్కే.

వెనక పలక మిగులు సాధారణంగా 2.2 నుంచి 2.5 మి.మీ. ఉంటుంది. నమూనా కన్నా చుట్టూ 15 మి.మీ. ఎక్కువగా ముక్క కోసుకుని, ఇలా తగ్గించండి:

మొదట ఎమ్‌డీఎఫ్ పలక మీద మాస్కింగ్ టేప్ పట్టీలు పక్కపక్కనే అంటించండి. చెక్క ముక్క కింది వైపూ అలాగే అంటించండి. రెండు టేపుల మధ్య పలుచటి సూపర్ గ్లూ చుక్కలు వేసి నొక్కండి. ముక్క కదలకుండా కూర్చుంటుంది, పని అయ్యాక టేప్‌తో పాటు శుభ్రంగా ఊడివస్తుంది. కార్పెట్ టేప్ వాడేవాళ్లున్నారు. దాని పట్టు మరీ ఎక్కువ, పలుచటి ముక్క ఊడదీసేటప్పుడు నార వెంబడి చీలుతుంది.

స్క్రేపర్‌తో నార దిశలో గీకండి, తర్వాత దిమ్మకు చుట్టిన 120 శాండ్‌పేపర్. వేళ్లతో శాండ్‌పేపర్ పట్టుకుని రుద్దితే మధ్యలో గుంటలు పడతాయి, దిమ్మ తప్పనిసరి. ఒకవైపు అర మిల్లీమీటరు తగ్గగానే ఆపి, ముక్కను ఊడదీసి, తిరగేసి మళ్లీ అంటించి రెండోవైపు అంతే తగ్గించండి. అంతా ఒకేవైపు నుంచి తీస్తే చెక్క లోపలి బిగువు ఒకవైపే వదిలి వంగుతుంది. డ్రమ్ శాండర్ ఉన్నవాళ్లకూ ఇదే నియమం.

1.3 మి.మీ. దగ్గర ఆగండి. ముక్కను అంచు మీద నిలబెట్టి, రెండు ముఖాలకూ గాలి తగిలేలా ఒక రాత్రి వదిలేయండి. బల్ల మీద పడుకోబెడితే కింది ముఖానికి గాలి ఆడదు, పొద్దునకు వంగి ఉంటుంది. మరుసటి రోజు మిగతాది తగ్గించి 1.0కి తీసుకురండి.

సరిచూసుకోవడం: కాలిపర్‌తో చుట్టూ ఎనిమిది చోట్ల కొలవండి. ఎక్కువ తక్కువల మధ్య తేడా 0.1 మి.మీ. దాటకూడదు. తర్వాత అద్దం మీద పెట్టి ఒక్కో మూలనూ వేలితో నొక్కండి. ఎదురు మూల కొంచెం లేచినా ఫర్వాలేదు, వేలి బరువుకే చదునవుతుంటే చాలు. గట్టిగా నొక్కితే తప్ప చదును కాకపోతే ఆ ముక్క పక్కన పెట్టి ఇంకోటి తీయండి. మీ చెయ్యి కష్టం పోయిందనిపిస్తుంది, నిజమే. కానీ ఆ ముక్కను బలవంతంగా అతికించి గిటార్ పాలిష్ చెడగొట్టుకోవడం ఇంకా పెద్ద నష్టం.

వెనీర్‌తో చేసే ప్రత్యామ్నాయం

పలుచన చేసే ఓపిక, పనిముట్లు లేకపోతే 0.5–0.6 మి.మీ. వెనీర్ (కాగితంలా పలుచగా కోసి అమ్మే చెక్క) రెండు పొరలు కలిపి చేసుకోవచ్చు. ఒకటే జాగ్రత్త, కానీ చాలా పెద్దది: రెండు పొరలే అయితే రెండింటి నారా ఒకే దిశలో ఉండాలి. ప్లైవుడ్‌లా ఒకటి నిలువు, ఒకటి అడ్డం పెడితే బలమనుకుంటారు. రెండు పొరల్లో అలా చేస్తే తేమ మారిన ప్రతిసారీ ముక్క దొన్నెలా వంగుతుంది. అడ్డం పొర కావాలంటే మూడు పొరలుండాలి, అడ్డంది మధ్యలో ఉండాలి, మొత్తం మందం 1.2 దాటకూడదు. అందుకు ఇంకా పలుచటి వెనీర్ కావాలి.

జిగురుగా ఎపాక్సీ వాడండి. తెల్ల చెక్క జిగురులో నీళ్లుంటాయి, పలుచటి వెనీర్ తడిసి ఉబ్బుతుంది, రంధ్రాల గుండా పైకి మరకలు వస్తాయి. రెండు చదునైన పలకల మధ్య, అంటుకోకుండా ప్లాస్టిక్ కవరు వేసి, ఒక రోజంతా క్లాంపుల్లో ఉంచండి.

4. కోయండి

ముక్క రెండు ముఖాలకూ మాస్కింగ్ టేప్ అంటించి, పైవైపు టేప్ మీదే నమూనా గీయండి. నమూనా మీది బాణం ముక్క నారతో ఒకే దిశలో ఉందో లేదో చూసుకోండి. కింద 3 మి.మీ. ప్లైవుడ్ ముక్క ఆసరాగా పెట్టి, రెండింటినీ కలిపి ఫ్రెట్‌సాతో గీతకు 1 మి.మీ. బయట కోయండి. ఆసరా లేకుండా కోస్తే బ్లేడు కిందికి లాగినప్పుడల్లా అడుగున పెచ్చులు లేస్తాయి. వెనీర్ అయితే కత్తి చాలు, ఒకే గాటుకు తెంపాలని చూడకుండా అయిదారుసార్లు తేలిగ్గా గీయండి.

గీత దాకా తెచ్చే పని శాండ్‌పేపర్‌ది. బయటి వంపులకు చదును దిమ్మ, రోజెట్ వైపు లోపలి వంపుకు ఆ వంపుకు దగ్గరి సైజు డబ్బాకో గొట్టానికో చుట్టిన శాండ్‌పేపర్. రోజెట్ వైపు అంచును గిటార్ మీద పెట్టి చూసుకుంటూ, కొంచెం కొంచెం సరిచేయండి. మిగతా అంచుల్లో అర మిల్లీమీటరు తేడా ఎవరికీ కనపడదు. రోజెట్ పక్కన మాత్రం ఖాళీ ఒకచోట 1, ఇంకోచోట 2 ఉంటే ఎదురుగా కూర్చున్నవాళ్లకి కూడా తెలిసిపోతుంది.

మొనల దగ్గర నార తెగిన చోట పలుచటి సూపర్ గ్లూ ఒక చుక్క కింది వైపు నుంచి ఇంకనివ్వండి. పైవైపుకు వస్తే మరక పడుతుంది, పాలిష్ కింద ఆ మరక అలాగే ఉండిపోతుంది.

5. అంచు వాలు చేయండి

పైఅంచును 45 డిగ్రీల్లో సగం మందం దాకా వాలు చేసి, ఆ వాలు కోణాన్ని 320తో కొంచెం గుండ్రం చేయండి. అరచెయ్యి, చొక్కా అంచు తగిలినప్పుడు పట్టుకోకుండా జారిపోవాలి. వాలును మరీ కిందికి తెచ్చి కత్తి అంచులా చేయకండి, అక్కడ పాలిష్ నిలవదు. వేలి గోరును అంచు వెంబడి చుట్టూ లాగి చూడండి. ఎక్కడైనా గోరు ఆగిందంటే అక్కడ ఇంకొంచెం పని ఉంది.

6. రెండు వైపులా పాలిష్ వేయండి

రెండు వైపులా. ఒకే రోజు, ఒకే సంఖ్యలో పూతలు.

ముందు 320 దాకా రుద్ది, దుమ్ము తుడవండి. రోజ్‌వుడ్, కోకోబోలో లాంటి నూనె చెక్కలైతే అసిటోన్ గుడ్డతో ఒకసారి తుడిచి, ఆరగానే పాలిష్ మొదలుపెట్టండి. అసిటోన్ సీసా గిటార్ ఉన్న బల్ల మీదికి తేవద్దు, ఒక్క చుక్క పడితే లాకర్ కరిగిపోతుంది.

మొదటి పూత షెల్లాక్. పలుచగా, ఒకవైపు వేసి, నాలుగు గుండుసూదులు గుచ్చిన పలక మీద ఆ ముక్కను నిలిపి, వెంటనే రెండోవైపు వేయండి. వాల్‌నట్, రోజ్‌వుడ్‌లలో నార రంధ్రాలు తెరుచుకుని ఉంటాయి. అద్దంలా మెరవాలంటే పైవైపు పోర్ ఫిల్లర్ నింపాలి. ఎబోనీ, మేపుల్‌కు అక్కర్లేదు. నాకైతే రంధ్రాలు కనిపించే వాల్‌నట్ ఇంకా అందంగా అనిపిస్తుంది. ఇది మీ ఇష్టం.

తర్వాత నాలుగు నుంచి ఆరు పలుచటి పూతలు. లాకర్ అయితే స్ప్రే, వార్నిష్ అయితే గుడ్డతో. వట్టి నూనె, వట్టి మైనం సరిపోవు. పిక్ దెబ్బలు తినేది ఈ పాలిష్ పొరే, అది గట్టిగా గడ్డకట్టే రకం అయ్యుండాలి. కింది వైపు మెరుపు అక్కర్లేదు కానీ పూతల సంఖ్య తగ్గించకండి. అది తేమను ఆపుతుంది, పైగా జిగురు షీట్ పచ్చి చెక్కకన్నా నున్నటి పాలిష్ మీదే గట్టిగా పట్టుకుంటుంది.

వార్నిష్ తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి చెత్తబుట్టలో పడేయకండి. ఆరే నూనెలున్న గుడ్డ లోపల వేడి పుట్టి తనంతట తానే అంటుకోగలదు. బయట విడిగా పరిచి, పూర్తిగా ఎండాకే పారేయండి. లాకర్ స్ప్రే చేసేటప్పుడు దగ్గర్లో మంట ఉండకూడదు, గాలి ఆడాలి.

నైట్రో (నైట్రోసెల్యులోజ్) లాకర్‌కు మూడు నాలుగు వారాలు ఆరే సమయం ఇవ్వండి. ఇది పిక్‌గార్డ్‌కే కాదు, గిటార్‌కు కూడా. కొత్తగా పాలిష్ చేసిన గిటార్‌పై తొందరపడి అతికిస్తే జిగురు గుర్తులు లాకర్‌లో దిగబడిపోతాయి. పాలిష్ వాసన ఇంకా వస్తోందంటే ఇంకా ఆరలేదని అర్థం.

7. అతికించే ముందు ఒకసారి పెట్టి చూడండి

పిక్‌గార్డ్‌ను గిటార్ మీద పెట్టి, రెండు వేళ్లతో తేలిగ్గా అదిమి, పక్క నుంచి టార్చి వేయండి. వేళ్ల బరువుకే అంచుల కింద వెలుతురు పోవాలి. పోకపోతే మళ్లీ మందం కొలవండి. ఇప్పుడు తగ్గించడం ఇంకా చేతిలో పనే.

బరువు గురించి టెన్షన్ పడేవాళ్ల కోసం: 90 చదరపు సెం.మీ. విస్తీర్ణం, 1 మి.మీ. మందం ఉన్న వాల్‌నట్ పిక్‌గార్డ్ సుమారు 6 గ్రాములుంటుంది, రోజ్‌వుడ్ 7–8, ఎబోనీ 9–10. అదే సైజు సెల్యులాయిడ్ 12 గ్రాములు. అంటే ప్లాస్టిక్ నుంచి చెక్కకు మారేవాళ్లకు బరువు తగ్గుతుందే కానీ పెరగదు. ఏమీ లేని పైపలకతో పోలిస్తే చిన్న తేడా ఉండొచ్చు. బ్రిడ్జ్‌కు దూరంగా, చిన్నగా చేసుకోవడమే దానికి మందు.

8. అతికించండి

గది 20 డిగ్రీల కన్నా చల్లగా ఉండకూడదు. తీగలు లేకుండా, గిటార్ మెత్తటి గుడ్డ మీద పడుకుని ఉండాలి.

మొదట పిక్‌గార్డ్ కింది వైపూ, పైపలక మీది చోటూ నాఫ్తాతో తుడవండి. మీ గిటార్ పాలిష్‌కు నాఫ్తా సరిపడుతుందో కనపడని మూల ముందే చూసుకోండి. పిక్‌గార్డ్‌ను సరైన చోట పెట్టి, చుట్టూ మూడు నాలుగు చోట్ల మాస్కింగ్ టేప్ ముక్కలతో హద్దులు గుర్తుపెట్టండి.

తర్వాత జిగురు షీట్ ఒకవైపు కాగితం తీసి బల్ల మీద పరిచి, పిక్‌గార్డ్‌ను దాని మీదికి దించి, మధ్య నుంచి అంచులకు గట్టిగా రుద్దండి. మిగిలిన షీట్‌ను కత్తిని కొంచెం లోపలికి వాల్చి కత్తిరించండి. జిగురు బయటికి కనిపిస్తే అక్కడ దుమ్ము చేరి నల్లటి గీత పడుతుంది.

రెండోవైపు కాగితం మొత్తం ఒక్కసారే తీయకండి. రోజెట్ వైపు 2 సెం.మీ. మాత్రమే తీసి, ఆ కాగితాన్ని వెనక్కి మడవండి. హద్దుల మధ్య పిక్‌గార్డ్‌ను దించి, ఆ 2 సెం.మీ. భాగాన్ని నొక్కండి. కుదిరిందనుకున్నాక మిగతా కాగితాన్ని కింద నుంచి మెల్లగా లాగుతూ వెంటే నొక్కుకుంటూ పోండి. కాగితం లాగే ముందు రోజెట్ ఖాళీని ఒక్కసారి కళ్లతో కొలవండి. సరిచేసుకునే ఆఖరి అవకాశం అదే.

ప్లాస్టిక్ పిక్‌గార్డ్‌లకు సబ్బు నీళ్లు చల్లి జరుపుకుంటూ అతికించే పద్ధతి ఒకటి ఉంది. చెక్కకు దాన్ని అసలు వాడకండి. అంచుల్లోంచి నీళ్లు దిగితే ఇంత కష్టపడి వేసిన పాలిష్ కింద చెక్క ఉబ్బుతుంది.

చివరగా గుడ్డ చుట్టిన చిన్న దిమ్మతో మధ్య నుంచి అంచులకు రుద్దండి. పైపలక కింద బ్రేసులు (లోపల అతికించిన ఆసరా కర్రలు) ఉన్నాయి, వాటి మధ్య ఖాళీలున్నాయి. ఒళ్లు బరువంతా వేయకండి, చెయ్యి బరువు చాలు. ఒక చిన్న ఇసుక సంచి రాత్రంతా పెట్టి ఉంచితే ఇంకా మంచిది. ఈ రకం జిగురు పూర్తి పట్టు అందుకోవడానికి మూడు రోజులు పడుతుంది. అందాకా పిక్ చేతికి తీసుకోకండి.

9. అతుకు సరిచూడండి

మూడు రోజులయ్యాక పలుచటి కాగితం ముక్క తీసుకుని అంచు కిందికి దూర్చి చూడండి. చుట్టూ ఎక్కడా దూరకూడదు. తర్వాత పిక్‌గార్డ్ అంతటా వేలి కొనతో తట్టండి. అతుక్కున్న చోట గట్టి "టక్" వస్తుంది. బోలుగా, చిటపటగా వినిపిస్తే అక్కడ గాలి ఉంది. అంచు దగ్గరైతే గుడ్డ మీద నుంచి మళ్లీ రుద్దండి. నడి మధ్యలో చిన్న చోటైతే వదిలేయవచ్చు.

తీగలు వేసి, ఒక్కో స్వరం గట్టిగా మీటండి. ఎక్కడైనా జర్రుమనే శబ్దం వస్తే అదే స్వరం మళ్లీ మీటుతూ పిక్‌గార్డ్‌ను వేలితో అదమండి. శబ్దం ఆగితే తప్పు పిక్‌గార్డ్‌ది. ఆగకపోతే ఫ్రెట్‌లూ, బ్రేసులూ చూడాలి. కొత్తగా అతికించారు కదా అని ప్రతి శబ్దాన్నీ దాని మీదే వేసి ఊడదీసినవాళ్లను చూశాను, తీరా అది వదులైన ట్యూనర్ నట్టు అయ్యేది.

కాగితం పరీక్షను నెల తర్వాత ఇంకోసారి చేయండి, వీలైతే వాతావరణం పొడిగా మారిన రోజుల్లో. అంచులు లేచే పిక్‌గార్డ్ అప్పుడే బయటపడుతుంది. ఒకచోట కొంచెం లేచిందంటే, మిగిలిన జిగురు షీట్ సన్నటి పట్టీ కోసి చిన్న గరిటెలాంటి పలుచటి ప్లాస్టిక్ ముక్కతో కిందికి నెట్టి నొక్కండి. సూపర్ గ్లూ మాత్రం వద్దు, అది గిటార్ పాలిష్‌ను శాశ్వతంగా పట్టేస్తుంది.

తీయాల్సి వస్తే

హెయిర్ డ్రయ్యర్‌ను దూరంగా పట్టి, చేత్తో తాకగలిగేంత వేడి మాత్రమే చేయండి. ఒక మూల నుంచి పళ్ల మధ్య శుభ్రం చేసే ఫ్లాస్ దారం దూర్చి, నార దిశలో రంపంలా లాగుతూ పోండి. అడ్డంగా లాగితే చెక్క చీలుతుంది. మిగిలిన జిగురును వేలితో ఉండలు చుట్టి, నాఫ్తాతో తుడిచేయండి. నిదానంగా చేస్తే పిక్‌గార్డ్ కూడా బతుకుతుంది, కొత్త షీట్ వేసి మళ్లీ అతికించుకోవచ్చు.

ఫ్రెంచ్ పాలిష్ వేసిన నైలాన్ తీగల గిటార్‌పై మాత్రం ఈ పద్ధతి వాడకండి. ఆ షెల్లాక్ పొర చాలా పలుచన, జిగురు షీట్ తీసేటప్పుడు దాంతో పాటే ఊడివస్తుంది. అలాంటి గిటార్‌కు జిగురు లేకుండా అంటుకునే పారదర్శక పొర చాలు.